హెచ్.ఐ.వి. రాకుండా ముందుగా వేసుకునే మాత్ర: మీకు అవసరమా, కాదా?

ఈ మధ్య మా ఓ.పి.లోనూ, ప్రసూతి వార్డులోనూ, గ్రామాల్లో క్యాంపులకు వెళ్ళినప్పుడూ ఒక ప్రశ్న తరచుగా వినబడుతున్నది. “సిస్టరమ్మా, హెచ్.ఐ.వి. రాకుండా రోజూ వేసుకునే మాత్ర ఒకటి ఉందట కదా? అది నేను వేసుకోవాలా?” అని గొంతు తగ్గించి అడుగుతున్నారు. అడిగేవారిలో భర్తకు హెచ్.ఐ.వి. ఉన్న ఇల్లాళ్ళు ఉన్నారు, లారీల మీద తిరిగేవారు ఉన్నారు, పెళ్ళి కావలసిన యువకులూ ఉన్నారు. అందరికీ ఒకే జవాబు చెప్పలేము. కొందరికి ఆ మాత్ర చాలా అవసరం. కొందరికి అసలు అవసరం లేదు. మరికొందరికి అంతకంటే ముందు చేయవలసిన పని వేరే ఉంది. మీరు ఏ కోవలోకి వస్తారో మీరే ఆలోచించుకోవడానికి వీలుగా ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. ఈ మాత్ర అవసరమా కాదా అన్నది మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న దాన్ని బట్టి తేలదు. వైరస్ ఆ మనిషి దాకా వచ్చే దారి తెరిచి ఉందా, మూసి ఉందా అన్న దాన్ని బట్టి తేలుతుంది.

నివారణ మందు మనకు కొత్త కాదు

హెచ్.ఐ.వి. రాకముందే మందు వాడటం అనేది కొత్త విషయం అనుకుంటారు. నర్సులమైన మాకు ఇది పాత సంగతే. 2000 దశకం తొలి సంవత్సరాల నుండి మన దేశంలో హెచ్.ఐ.వి. ఉన్న తల్లికి కాన్పు సమయంలో, పుట్టిన బిడ్డకు వెంటనే నెవిరపిన్ అనే మందు ఇస్తూ వచ్చాము. బిడ్డకు వైరస్ సోకకుండా అడ్డుకోవడానికే ఆ మందు. ఇప్పుడు గర్భిణీ స్త్రీకి హెచ్.ఐ.వి. ఉందని తెలిసిన వెంటనే జీవితాంతం వాడే ఏ.ఆర్.టి. మందులు మొదలుపెడతారు. బిడ్డకు కనీసం 6 వారాలు నివారణ సిరప్ పోస్తారు. ఈ పద్ధతి వల్ల హెచ్.ఐ.వి. ఉన్న తల్లులకు ఆరోగ్యవంతమైన బిడ్డలు పుడుతున్నారు.

అలాగే వార్డులో పనిచేసే సిస్టరుకు రోగికి వాడిన సూది గుచ్చుకుంటే 72 గంటల లోపల మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడతారు. దీనిని ‘పెప్’ అంటారు. ప్రమాదం జరిగిన తర్వాత వేసుకునే మందు ఇది.

ఇప్పుడు మనం చెప్పుకునేది ‘ప్రెప్’. ప్రమాదం జరగక ముందే, హెచ్.ఐ.వి. లేని మనిషి వేసుకునే మందు. పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ ఒకటి కాదు.

ప్రెప్ మాత్ర ఎలా పనిచేస్తుంది?

హెచ్.ఐ.వి. తనంతట తాను పెరగలేదు. మన రక్తంలో రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల కణాలలోకి దూరి, అక్కడ తనకు నకళ్ళు తీసుకుంటుంది. ఆ మొదటి నకలు తీసుకోనివ్వకుండా ఆపేదే ఈ మందు. ఒకే మాత్రలో రెండు మందులు ఉంటాయి. సాధారణంగా టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, ఎమ్‌ట్రిసిటబిన్ 200 మిల్లీగ్రాములు. ఎమ్‌ట్రిసిటబిన్‌కు బదులు లామివుడిన్ ఉన్న మాత్ర కూడా వాడతారు. వైరస్ వచ్చేసరికే మందు ఒంట్లో సిద్ధంగా ఉంటే అది నిలదొక్కుకోలేక పోతుంది.

అమెరికాలో 2012లో ఈ మాత్రను నివారణకు అనుమతించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో, ప్రమాదం ఎక్కువగా ఉన్నవారందరికీ దీనిని ఇవ్వవచ్చునని చెప్పింది. మన దేశంలో మైసూరు, కోల్‌కతా నగరాల్లో లైంగిక వృత్తిలో ఉన్న స్త్రీల సంఘాలే ముందుకు వచ్చి ఈ మాత్రను వాడి చూపించాయి. మైసూరులో 600 మందికి పైగా స్త్రీలు వాడితే వారిలో ఎవరికీ కొత్తగా హెచ్.ఐ.వి. రాలేదు. ఆ తర్వాత 2022లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ప్రెప్ వాడకంపై మార్గదర్శకాలను ప్రకటించింది.

మాత్ర పనిచేయడం వేసుకోవడం మీదే ఆధారపడి ఉంది. కెన్యా, ఉగాండా దేశాల్లో భార్యాభర్తల్లో ఒకరికి హెచ్.ఐ.వి. ఉండి మరొకరికి లేని 4,700కు పైగా జంటలపై జరిగిన అధ్యయనం 2012లో ప్రచురితమైంది. ఈ మాత్ర తీసుకున్నవారిలో కొత్త కేసులు 75 శాతం తగ్గాయి. రక్తంలో మందు ఉన్నట్లు తేలినవారిలో ఏకంగా 90 శాతం తగ్గాయి. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేలలో సుమారు 5,000 మంది స్త్రీలపై జరిగిన మరో అధ్యయనం 2015లో వెలువడింది. అందులో మాత్ర వల్ల మేలు కనబడలేదు. ఎందుకు? మాత్రలు ఇచ్చినవారి రక్తం పరీక్షించగా మూడో వంతు కంటే తక్కువ నమూనాల్లోనే మందు కనిపించింది. అంటే మాత్రలు డబ్బాలోనే ఉండిపోయాయి. డబ్బాలో ఉన్న మాత్ర ఎవరినీ కాపాడదు.

మన ప్రాంతంలో ఈ విషయం ఎందుకు ముఖ్యం?

ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలలో ఒకటి. ఇప్పుడు కేసులు బాగా తగ్గాయి. అయినా 2021 జాతీయ అంచనాల ప్రకారం పెద్దవారిలో హెచ్.ఐ.వి. దేశం మొత్తం మీద 0.21 శాతం ఉంటే తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం ఉంది. మనది ఈ రెండు రాష్ట్రాలూ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా కలిసే సరిహద్దు. కొత్తగూడెం, మణుగూరు బొగ్గు గనులకు, సారపాక కాగితం మిల్లుకు, ఖమ్మం మిర్చి మార్కెట్టుకు లారీలు రాత్రింబగళ్ళు తిరుగుతుంటాయి. మిరపకాయలు ఏరే కాలంలో కుటుంబాలు నెలల తరబడి ఊరు విడిచి ఉంటాయి. మనుషులు ఇంటికి దూరంగా ఉన్నచోట ఈ జబ్బుకు దారి దొరుకుతుంది. ఆ దారి చివర ఎక్కడికీ వెళ్ళకుండా ఇంటి పట్టున ఉన్న ఇల్లాలే ఉంటుంది.

ప్రమాదం ఎంత ఉందో ఎలా లెక్క వేసుకోవాలి?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ఇస్తారు. ఆ హెచ్చరిక నీటిమట్టాన్ని చూసి ఇస్తారే కాని, ఒడ్డున ఎవరి ఇల్లు ఉందో చూసి ఇవ్వరు. మీరు కూడా మీ విషయంలో నీటిమట్టం ఎంతుందో చూసుకోవాలి. అందుకు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

1. నా జీవిత భాగస్వామికి హెచ్.ఐ.వి. ఉందా? ఉంటే ఏ.ఆర్.టి. మందులు క్రమంగా వాడుతున్నారా? వైరల్ లోడ్ పరీక్షలో ఏమి వచ్చింది?

2. ఆయన (లేక ఆమె) పరీక్ష అసలు చేయించుకున్నారా? తెలియకపోతే, బయట సంబంధాలు ఉండే అవకాశం ఉందా?

3. గత 6 నెలల్లో నాకు సుఖవ్యాధి ఏదైనా వచ్చిందా? మర్మావయవాల మీద పుండ్లు, చీము, వాసనతో కూడిన తెల్లబట్ట వంటివాటికి చికిత్స తీసుకున్నానా?

4. ప్రతిసారీ కండోమ్ వాడటం నా చేతుల్లో ఉందా? అవతలివారు ఒప్పుకోకపోతే నేను కాదనగలనా?

ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు కలిపి చూస్తే విషయం చాలావరకు అర్థమవుతుంది. మరింత స్పష్టంగా ఉండటానికి కొన్ని ఉదాహరణలు చూద్దాం. ఇవి ఏ ఒక్కరి కథలూ కావు, మేము తరచూ చూసే పరిస్థితులు.

మొదటి పరిస్థితి: భర్తకు హెచ్.ఐ.వి. ఉంది, మందులు బాగా వాడుతున్నాడు

ఆరేడేళ్ళుగా ఒక్క పూట కూడా తప్పకుండా ఏ.ఆర్.టి. వాడుతున్నాడు. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడనంత తక్కువ అని వస్తున్నది. భార్యకు హెచ్.ఐ.వి. లేదు. ఆమెకు ప్రెప్ కావాలా?

సాధారణంగా అవసరం లేదు. ఇది చాలామంది నమ్మలేని విషయం కనుక వివరంగా చెబుతాము. 2011లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 9 దేశాలకు చెందిన 1,763 జంటలు పాల్గొన్నాయి. మన చెన్నై, పూనా నగరాల జంటలూ అందులో ఉన్నాయి. హెచ్.ఐ.వి. ఉన్నవారికి త్వరగా ఏ.ఆర్.టి. ఇస్తే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది. 2016లో యూరప్‌లో 888 జంటలపై జరిగిన మరో అధ్యయనం వెలువడింది. వైరస్ కనబడనంత తగ్గినవారు కండోమ్ లేకుండా దాదాపు 58,000 సార్లు కలిసినా, వారి నుండి భాగస్వామికి ఒక్కసారి కూడా వైరస్ సోకలేదు. రక్తంలో వైరస్ కనబడనంత తగ్గితే శారీరక సంబంధం ద్వారా అది అంటదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతున్నది.

కాబట్టి అలాంటి ఇంట్లో భార్యను కాపాడేది భర్త వేసుకునే మాత్రే. ఆమె చేయవలసింది ఆయన మందులు తప్పకుండా చూసుకోవడం, ఆయన వైరల్ లోడ్ కాగితం అడిగి చూడటం, తాను కూడా డాక్టరు చెప్పిన ప్రకారం పరీక్ష చేయించుకోవడం. మందులు మొదలుపెట్టిన 6 నెలలకు, 12 నెలలకు, ఆ తర్వాత ఏడాదికొకసారి ప్రభుత్వ కార్యక్రమంలో వైరల్ లోడ్ ఉచితంగా చేస్తారు.

రెండవ పరిస్థితి: ఈ నెలలోనే తెలిసింది

భర్తకు హెచ్.ఐ.వి. ఉన్నట్లు ఇప్పుడే తేలింది. లేదా భార్యకే ఉందని కాన్పుకు ముందు చేసిన పరీక్షలో బయటపడింది, భర్తకు లేదు. మందులు మొదలుపెట్టినా వైరస్ తగ్గడానికి కొన్ని నెలలు పడుతుంది. ఈలోగా రెండవవారికి ప్రమాదం ఉంటుంది. వారికి ప్రెప్ చక్కగా సరిపోతుంది. మొదటివారు కనీసం 6 నెలలు ఏ.ఆర్.టి. వాడి, వైరల్ లోడ్ బాగా తగ్గిందని కాగితం మీద చూసిన తర్వాత, డాక్టరుతో మాట్లాడి మానవచ్చు. ఏరు దాటడానికి పడవ ఎక్కినట్లు. అవతలి ఒడ్డు చేరాక దిగిపోవచ్చు.

బిడ్డ కావాలనుకునే జంటలు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి. హెచ్.ఐ.వి. ఉందని పిల్లల ఆశ వదులుకోనక్కర లేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ప్రెప్ మాత్ర వాడవచ్చు. తొందరపడకుండా ముందే వచ్చి మాట్లాడండి.

మూడవ పరిస్థితి: భర్త పరీక్షకు ఒప్పుకోడు

నెలకు ఒకసారి ఇంటికి వస్తాడు. పరీక్ష అంటే కోపం. కండోమ్ అంటే “నన్ను అనుమానిస్తున్నావా?” అంటాడు. ఆమెకు ఏడాదిలో రెండుసార్లు సుఖవ్యాధికి చికిత్స చేశారు. ఆమె తప్పు ఏమీ లేదు, కానీ ప్రమాదం మాత్రం ఆమెదే. ఇలాంటివారికి ప్రెప్ గురించి తప్పకుండా ఆలోచించమని చెబుతాము. ఎందుకంటే ఇది ఎవరి అనుమతీ అడగకుండా ఆమె తన చేతులతో తాను వేసుకోగల రక్షణ.

అయితే ఇంట్లో మాత్రల డబ్బా ఎవరైనా చూస్తే ఆమెకే హెచ్.ఐ.వి. ఉందని అనుకునే అవకాశం ఉంది. హెచ్.ఐ.వి. చికిత్సలో వాడే మందులే ఇందులోనూ ఉంటాయి కదా. డబ్బా ఎక్కడ దాచాలి, ఎవరైనా అడిగితే ఏమి చెప్పాలి, ఇంట్లో కొట్టే భయం ఉందా అన్నవి కూడా కౌన్సిలరుతో ముందే మాట్లాడుకోవాలి. అవి చిన్న విషయాలు కావు.

నాల్గవ పరిస్థితి: నిన్న రాత్రి జరిగిపోయింది

కండోమ్ చిరిగిపోయింది, లేక బలాత్కారం జరిగింది. ఇక్కడ కావలసింది ప్రెప్ కాదు, పెప్. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. 72 గంటలు దాటితే లాభం ఉండదు. తెల్లవారనివ్వండి, సంత రోజున వెళదాం అని ఆగవద్దు. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి. బలాత్కారానికి గురైనవారికి ఈ మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పోలీసు కేసు అయ్యేదాకా వైద్యం ఆగనక్కర లేదు.

ఐదవ పరిస్థితి: ఇరుగు పొరుగు భయం

“మా పక్కింట్లో హెచ్.ఐ.వి. ఉన్నవారు ఉన్నారు, పిల్లలు కలిసి ఆడుకుంటారు, దోమలు కుడతాయి, మేమందరం మాత్ర వేసుకోవాలా?” అక్కర లేదు. దోమల వల్ల మలేరియా వస్తుంది, హెచ్.ఐ.వి. రాదు. ఒకే గ్లాసు, ఒకే బావి, ఒకే బల్ల, కౌగిలింత, చేతులు కలపడం, వీటి వల్ల కూడా రాదు. సంఘంలో ప్రభు భోజనపు గిన్నె వల్ల కూడా రాదు.

“ఇది తప్పు చేయడానికి అనుమతి కాదా?”

సంఘ పెద్దలు కొందరు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. అడగడంలో తప్పు లేదు. కానీ పైన చెప్పిన రెండవ, మూడవ పరిస్థితులు మరోసారి చదవండి. మాత్ర అవసరమైన ఆ ఇల్లాలు ఏమి తప్పు చేసింది? వ్యభిచార వృత్తిలో ఉన్న స్త్రీ గాని, మగవారితో సంబంధం ఉన్న మగవారు గాని, హిజ్రాలు గాని, మత్తు సూదులు పంచుకునేవారు గాని వచ్చి అడిగినా మా జవాబు అదే. గాయం కట్టేటప్పుడు అది ఎలా తగిలిందని ముందు తీర్పు చెప్పి తర్వాత కట్టు కట్టము. జీవితం గురించి మాట్లాడవలసిన మాటలు ఉంటే, మనిషి ఆరోగ్యంగా ఉంటేనే మాట్లాడగలం.

మొదలుపెట్టే ముందు ఏ పరీక్షలు?

ఈ మాత్రను మందుల షాపులో కొని మీకు మీరే మొదలుపెట్టవద్దు. ఈ పరీక్షలు తప్పనిసరి.

హెచ్.ఐ.వి. పరీక్ష: ఇది లేకుండా ఒక్క మాత్ర కూడా వేసుకోకూడదు. అప్పటికే హెచ్.ఐ.వి. ఉన్నవారికి ఈ రెండు మందులు చాలవు. వైరస్ ఆ మందులకు లొంగకుండా మొండిగా తయారవుతుంది. కొత్తగా సోకిన రెండు మూడు వారాల్లో కొందరికి జ్వరం, గొంతు నొప్పి, ఒంటిమీద దద్దురు, మెడ దగ్గర బిళ్ళలు వస్తాయి. మన అడవి ప్రాంతంలో జ్వరం అంటే మలేరియానో టైఫాయిడో అనుకుంటాం. అప్పుడు పరీక్షలో హెచ్.ఐ.వి. కనబడకపోవచ్చు కూడా. కాబట్టి గత నెలలో జ్వరం వచ్చి ఉంటే డాక్టరుకు చెప్పండి. వారు మళ్ళీ పరీక్ష చేశాకే మొదలుపెడతారు.

కిడ్నీ పరీక్ష (క్రియాటినిన్): టెనోఫోవిర్ కొందరిలో మూత్రపిండాల మీద ప్రభావం చూపుతుంది. మిరప తోటల్లో వంగి వంగి నడుము నొప్పి వస్తే ఆర్.ఎం.పి. దగ్గరో, కిరాణా కొట్టులోనో డైక్లోఫెనాక్ వంటి నొప్పుల మాత్రలు తెచ్చి రోజుల తరబడి మింగే అలవాటు మన దగ్గర ఉంది. అవి కూడా కిడ్నీలను దెబ్బతీస్తాయి. రెండూ కలిస్తే మరీ ప్రమాదం. బి.పి., షుగరు ఉన్నవారు ఆ సంగతి చెప్పాలి.

హెపటైటిస్-బి పరీక్ష: కాలేయానికి వచ్చే ఈ జబ్బు మీద కూడా ఈ మందు పనిచేస్తుంది. జబ్బు ఉన్నవారు ప్రెప్‌ను హఠాత్తుగా మానితే కామెర్లు తిరగబెట్టవచ్చు. జబ్బు లేనివారికి టీకా వేస్తారు.

సుఖవ్యాధుల పరీక్ష, స్త్రీలకు గర్భ పరీక్ష: వీటిని కూడా చేయించుకోవాలి. టి.బి. మందులు గాని, మరే మందులు గాని వాడుతుంటే ఆ చీటీలు వెంట తెండి.

మొదలుపెట్టిన నెలకు ఒకసారి, తర్వాత ప్రతి 3 నెలలకు హెచ్.ఐ.వి. పరీక్ష చేస్తారు. కిడ్నీ పరీక్ష డాక్టరు చెప్పిన గడువులో. ఈ రాకపోకలు మీకు కుదురుతాయా అన్నది కూడా నిర్ణయంలో భాగమే. వాగులు పొంగితే ఊళ్ళకు దారి ఉండదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఎన్ని రోడ్లు మూసుకుపోయాయో మనకు తెలుసు. వానాకాలం ముందే ఒక నెల మాత్రలు అదనంగా దగ్గర ఉంచుకోండి. ఏ.ఆర్.టి. వాడేవారికి ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం.

ఎలా వేసుకోవాలి?

రోజుకు ఒక మాత్ర, ఒకే సమయానికి. అన్నం తిన్నాక గాని, ముందు గాని ఫరవాలేదు. రాత్రి భోజనం తర్వాత, లేక ఉదయం పళ్ళు తోముకున్నాక అని ఒక అలవాటు పెట్టుకోండి. మొదటి రోజే రక్షణ రాదు. కనీసం 7 రోజులు పడుతుంది. స్త్రీలు 21 రోజుల వరకు ఆగాలని అమెరికా ఆరోగ్య శాఖ వారు చెబుతారు. కనుక మొదటి మూడు వారాలు కండోమ్ తప్పక వాడండి.

మొదట్లో కొందరికి వికారం, తలనొప్పి, విరేచనాలు ఉంటాయి. చాలామందికి కొద్ది వారాల్లో తగ్గిపోతాయి. మానాలనుకుంటే మీకు మీరే ఆపవద్దు. చివరిసారి ప్రమాదం జరిగిన తర్వాత ఎన్ని రోజులు కొనసాగించాలో అడిగి తెలుసుకోండి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. భర్త ఏ.ఆర్.టి. సీసాలో నుండి రోజూ ఒక మాత్ర తీసి భార్య వేసుకోకూడదు. అలా చేస్తే ఆయనకు నెలాఖరులో మాత్రలు తక్కువ పడతాయి. ఆయన మందు తప్పితే వైరస్ పెరుగుతుంది. వైరస్ పెరిగితే ఆమెకే ప్రమాదం పెరుగుతుంది. రక్షణ కోసం చేసిన పని రక్షణనే తీసేస్తుంది.

ఈ మాత్ర చేయని పనులు

ప్రెప్ సవాయి వంటి సుఖవ్యాధులను ఆపదు. గర్భం రాకుండా చేయదు. హెచ్.ఐ.వి. ఉన్నవారికి చికిత్స కాదు. టీకా కూడా కాదు, మానితే రక్షణ పోతుంది. అందుకే వీలైనంతవరకు కండోమ్ కూడా వాడమని చెబుతాము.

ఆరు నెలలకు ఒక సూది

ఆరు నెలలకు ఒకసారి వేసే లెనకాపవిర్ అనే సూది మందు గురించి పత్రికల్లో చదివి కొందరు అడుగుతున్నారు. 2024లో వెలువడిన అధ్యయనంలో ఈ సూది వేయించుకున్న 2,134 మంది ఆఫ్రికా యువతుల్లో ఒక్కరికీ హెచ్.ఐ.వి. రాలేదు. 2025 జూన్‌లో అమెరికా దీనిని అనుమతించింది, జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. పేద దేశాలకు 2027 నుండి ఏడాదికి సుమారు 40 డాలర్లకు దీనిని తయారుచేసి ఇస్తామని ముందుకు వచ్చిన కంపెనీలు మన హైదరాబాదువే: డాక్టర్ రెడ్డీస్, హెటిరో. ఇది సంతోషకరమైన వార్త. కానీ ప్రమాదం ఈ రోజు ఉన్నవారు రేపటి సూది కోసం ఎదురు చూడకూడదు. మాత్ర ఉంది, కండోమ్ ఉంది, ఏ.ఆర్.టి. ఉంది.

ఎక్కడ అడగాలి? ఎవరికైనా తెలుస్తుందా?

ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో హెచ్.ఐ.వి. పరీక్ష, కౌన్సిలింగు ఉచితం. భద్రాచలం ఏరియా ఆసుపత్రిలోనూ ఈ సౌకర్యం ఉంది. చికిత్సకు ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రిలో ఏ.ఆర్.టి. కేంద్రం ఉంది. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ నంబరు 1097. ఫోను ఉచితం. ఏ.ఆర్.టి. మందులు ఉచితంగా దొరికినట్లు ప్రెప్ మాత్ర ప్రతి ప్రభుత్వ కేంద్రంలోనూ ఉచితంగా దొరకదు. చాలాచోట్ల డాక్టరు చీటీ మీద కొనుక్కోవలసి వస్తుంది. మన దేశపు కంపెనీల మాత్రలు ఉన్నాయి, ధరలు కంపెనీని బట్టి మారతాయి. నెలనెలా ఆ ఖర్చు భరించగలరా అని మొదలుపెట్టక ముందే చూసుకోండి. మధ్యలో ఆపడం కంటే ముందే మాట్లాడుకోవడం మేలు.

గోప్యత గురించి భయపడవద్దు. 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం మీకు వివరించి, మీ సమ్మతి తీసుకోకుండా పరీక్ష చేయకూడదు. చట్టంలో చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప మీ ఫలితాన్ని ఎవరికీ చెప్పకూడదు. మీ సంఘ కాపరికి గాని, అత్తవారికి గాని, యజమానికి గాని మేము చెప్పము.

డాక్టరు దగ్గరకు వచ్చేటప్పుడు

ఈ విషయాలు ఒక కాగితం మీద వ్రాసుకుని రండి:

మీరు చివరిసారి హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకున్న తేదీ.

భాగస్వామికి హెచ్.ఐ.వి. ఉంటే, వారి చివరి వైరల్ లోడ్ ఫలితం.

మీరు వాడే మందులన్నీ, నొప్పుల మాత్రలు, నాటు మందులతో సహా.

గత నెలలో వచ్చిన జ్వరం, గత ఆరు నెలల్లో వచ్చిన సుఖవ్యాధి.

గర్భం లేక బిడ్డ కోసం ఆలోచన ఉందా అన్న సంగతి.

మూడు నెలలకు ఒకసారి రాగలరా, మాత్ర ఇంట్లో ఎక్కడ పెడతారు అన్నవి.

భార్యాభర్తలు కలిసి వస్తే మరీ మంచిది. ఒంటరిగా వచ్చినా సంకోచించవద్దు. అన్నీ విన్న తర్వాత “నాకు మాత్ర అక్కర లేదు” అని మీరు నిర్ణయించుకుంటే అది కూడా మంచి నిర్ణయమే. తెలుసుకుని వద్దనుకోవడం వేరు, తెలియక ఊరుకోవడం వేరు. ఏ నిర్ణయమైనా పరీక్షతోనే మొదలవుతుంది. ముందుగా పరీక్ష చేయించుకోండి.